లేబర్ రూం తలుపు దాటాక తల్లి ఎవరి బాధ్యత?

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి, శాఖ కార్యదర్శిగారికి, జిల్లా, ఏరియా ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు

అయ్యా, అమ్మా,

"నార్మలే గదమ్మా, పొద్దుగాల డిశ్చార్జి రాస్తరు. బెడ్లు లెవ్వు." మీ ఆస్పత్రుల్లో కాన్పు చేయించుకున్న ఏ ఇంటివాళ్లను కదిపినా ఈ మాట వినిపిస్తుంది. విసిగిపోయిన ఒక సిస్టర్ నోటి దురుసుగా దీన్ని కొట్టిపారేయకండి. ఆమెకు ఈ మాట పైనుంచి దిగివచ్చింది. పేపర్లలో వచ్చే మీ సమీక్షా సమావేశాల వార్తలు నేను వదలకుండా చదువుతాను. ఈ నెల ఎన్ని డెలివరీలయ్యాయి, అందులో సిజేరియన్లు ఎన్ని, ప్రైవేటుకు ఎన్ని జారిపోయాయి అని సూపరింటెండెంట్లను నిలదీస్తారు. అడగవలసిందే, కాదనను. కానీ కాన్పయిన తల్లి ఎన్ని గంటలు ఆస్పత్రిలో ఉంది, ఆ గంటల్లో ఎవరైనా ఆమె పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో చూశారా, బిడ్డకు పాలు అందాయా అన్న ప్రశ్న ఆ వార్తల్లో ఒక్కసారీ నా కంటపడలేదు. పై అధికారి అడగని పనికి కింది ఉద్యోగి ఎందుకు లెక్క చెబుతాడు? ఆ పని జరగకపోతే గమనించేది ఎవరు?

కాన్పు అయిపోయింది కనుక ఇక మనకేం పని అన్న ఈ ధోరణిని నేను ఒప్పుకోలేను. అందుకే బహిరంగంగా రాస్తున్నాను.

మమ్మల్ని ఆస్పత్రికి రమ్మన్నది మీరు. ఊరూరా ఆశా కార్యకర్తను తిప్పి, 102 అమ్మఒడి బండిని వాకిట్లోకి తెచ్చి, డబ్బిచ్చి, కిట్టిచ్చి, ఇంట్లో కాన్పు ప్రమాదమని నచ్చజెప్పి మరీ పిలిచారు. మేం వచ్చాం. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. ఫలితమూ కనిపిస్తూనే ఉంది. 2014–16లో లక్ష జననాలకు 81గా ఉన్న తల్లుల మరణాలు 2018–20 నాటికి 43కు తగ్గాయి. ఆ ఘనత మీ శాఖది. లేబర్ రూముల్లో రాత్రింబవళ్లు నిలబడి పనిచేసిన డాక్టర్లది, నర్సులది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే మనిషిని కాను నేను.

అయితే రమ్మని పిలిచినవాళ్ల బాధ్యత కాన్పుతో తీరిపోతుందా? ఒకప్పుడు పురుడు పోసిన మంత్రసాని మర్నాడు మళ్లీ వచ్చేది. పురిటి స్నానం దాకా వస్తూ పోతూ బాలింతకు నీళ్లు పోసేది, బిడ్డ బొడ్డు చూసేది, పాలు పడకపోతే ఏం తినాలో చెప్పేది. ఆమెకు తెలియనివి చాలా ఉన్నాయి. ఆ కాలం మళ్లీ రావాలని నేను కోరడం లేదు. ఆ కాలంలో పురిట్లో పోయిన ఆడవాళ్లు మా ఇంటి పెద్దల మాటల్లో ఇప్పటికీ వస్తూనే ఉంటారు. కానీ చేతులు కడుక్కోగానే ఆమె పని అయిపోయేది కాదు. ఆమె స్థానంలోకి వచ్చింది మీరు. పంట కోసి, కల్లం మీద వానకు వదిలేసి ఇంటికి పోయే రైతు ఎక్కడైనా ఉంటాడా?

మా చెల్లెలి కూతురికి మొదటి కాన్పు మీ ఆస్పత్రుల్లో ఒకదానిలోనే అయింది. దాని పేరు రాయను. రాస్తే అక్కడి నర్సుకు ఒక మెమో ఇచ్చి వ్యవహారం మూసేస్తారు.

కాన్పు సాయంత్రం అయింది. లేబర్ రూంలో బాగా చూసుకున్నారు. డాక్టరమ్మ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. స్ట్రెచర్ మీద వార్డుకు తెచ్చాక పరిస్థితి మారిపోయింది. మంచాలు నిండిపోయి ఉంటే ఒకే మంచం మీద ఇంకో బాలింతతో కలిపి, తలలు చెరో వైపు పెట్టి పడుకోబెట్టారు. ఇద్దరు తల్లులు, ఇద్దరు పిల్లలు, ఒక మంచం. రాత్రి పది దాటాక మా పిల్ల నా చెయ్యి పట్టుకుని "పెద్దమ్మా, కిందంత తడితడిగ అనిపిస్తాంది, కండ్లు తిరుగుతున్నయ్" అంది. చీర తొలగించి చూస్తే ప్యాడు, దాని కింద మడతపెట్టిన పాత గుడ్డ, పరుపు మీది రెగ్జిన్, అంతా నెత్తురే. సిస్టర్ కోసం పరుగెత్తాను. ఆమె వార్డు ఆ చివర ఇంకో తల్లికి సెలైన్ ఎక్కిస్తోంది. ఆ రాత్రి అంత వార్డుకూ ఆమె ఒక్కతే. వచ్చి పొట్ట మీద చెయ్యి వేయగానే ఆమె ముఖం మారింది. గర్భసంచి ముడుచుకోలేదు, వదులుగా ఉండిపోయింది. ఒక చేత్తో పొట్టను గట్టిగా రుద్దుతూనే నన్ను డ్యూటీ డాక్టర్ గదికి తరిమింది. ఇంజెక్షన్లు ఇచ్చి, రక్తం ఎక్కించి, తెల్లవారేసరికి ఆ పిల్లను దక్కించారు. ఆ సిస్టర్‌కు నేను రుణపడి ఉంటాను.

మర్నాడు కేస్ షీటు చూశాను. కాన్పయినప్పటి నుంచి గంట గంటకూ బీపీ 110/70, నాడి 80 అని వరుసగా రాసి ఉంది. ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ఒకే అంకెలు. ఆ సాయంత్రం నుంచి నేను ఆ మంచం పక్కనే ఉన్నాను. బీపీ మిషను మా దాకా రానే లేదు. మరి ఆ అంకెలు ఎక్కడివి? రాసిన మనిషిని శిక్షించమని నేను అడగడం లేదు. నలభై మంది తల్లులకు గంట గంటకూ బీపీ చూడటం ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా? కాదని తెలిసీ ఆ గళ్లన్నీ నిండి ఉండాలని పట్టుబట్టేది ఎవరు? తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది ఆ కాగితాన్నే. ఆ కాగితం మాత్రం ఆ రాత్రి అంతా బాగానే ఉందని చెబుతోంది.

మీకు తెలియని సంగతులేవీ నేను చెప్పడం లేదు. ప్రపంచంలో కాన్పు కారణంగా పోయే తల్లుల్లో ఎక్కువమందిని తీసుకుపోయేది రక్తస్రావమే. అది ముంచుకొచ్చేది ఎక్కువగా కాన్పయిన మొదటి 24 గంటల్లోనే. అందుకే ఆ రోజంతా రక్తస్రావం, గర్భసంచి బిగువు, జ్వరం, నాడి చూస్తూ ఉండాలని, కాన్పయిన వెంటనే ఒకసారి, ఆరు గంటల్లోపు మరోసారి బీపీ చూడాలని, ఆరు గంటల్లోపు మూత్రం వచ్చిందో లేదో కనుక్కోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ పెరిగి ఫిట్స్ తెచ్చే గుర్రపువాతం కాన్పుకు ముందే వస్తుందని చాలామంది అనుకుంటారు. కాన్పయ్యాకా వస్తుంది. బాలింత బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బాగా పెరిగే అవకాశం ఉందని మీ డాక్టర్లకు తెలుసు. మామూలు కాన్పయినా 48 గంటలు ఆస్పత్రిలో ఉంచాలన్నది మన ప్రభుత్వాలు పెట్టుకున్న నియమమే. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమంలో మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు ఉచిత భోజనం ఎందుకు పెట్టారు? తల్లి అన్ని రోజులూ మీ కళ్ల ముందు ఉండాలనే కదా! సాయంత్రం కన్న తల్లిని మర్నాడు పొద్దున్నే పంపేస్తే ఆ భోజనం ఎవరు తింటున్నారు? ఆ నియమాన్ని పక్కన పెట్టమని ఎవరు ఉత్తర్వు ఇచ్చారు? రాతపూర్వకంగా ఉంటే బయటపెట్టండి. లేకపోతే మీ ఆస్పత్రుల్లో రోజూ జరుగుతున్నది ఎవరి అనుమతితో జరుగుతోంది?

రక్తం ఎంత పోయిందో కంటితో చూసి అంచనా కట్టడం మనకు అలవాటు. ఆ అంచనా చాలాసార్లు తక్కువే వస్తుంది, గుడ్డల్లోకీ పరుపులోకీ ఇంకిపోయిన దాన్ని ఎవరూ కొలవరు కనుక. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆస్పత్రుల్లో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. కాన్పప్పుడు తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు పరిచారు. గీత దాటగానే పొట్ట రుద్దడం, మందులు, సెలైన్, అన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్ లేదా మరణం దాకా పోవడం 60 శాతం తగ్గింది. ఒక ప్లాస్టిక్ షీటు, దాన్ని చూసే ఒక మనిషి. కోట్లు పోసి కట్టే భవనం ఊసు ఇందులో లేదు. మన ఏరియా ఆస్పత్రుల్లో ఎన్నింటికి ఆ షీట్లు ఇచ్చారు?

ఇక బిడ్డ సంగతి. వార్డులో నర్సులు ఎంతమంది ఉండాలన్న లెక్క మంచాల మీద కడతారు. బిడ్డకు వేరే మంచం లేదు. కాబట్టి లెక్కా లేదు. ముప్పై మంచాల వార్డులో అరవై ప్రాణాలుంటే మీ రికార్డులో ముప్పయ్యే. ఆ రెండో ముప్పై మందికి ఒళ్లు చల్లబడుతోందా, మూత్రం పోశారా, ఊపిరి సరిగా తీస్తున్నారా, కళ్లు పచ్చబడుతున్నాయా అని చూసే బాధ్యత ఎవరి డ్యూటీ చార్టులో ఉంది? నెలలోపు చనిపోయే పసివాళ్లలో నూటికి 75 మంది దాకా మొదటి వారంలోనే పోతారు. కామెర్లు బయటపడేది రెండో రోజు, మూడో రోజు. ముదిరేది ఆ తర్వాత. మొదటి రోజే ఇంటికి పంపిన బిడ్డ కళ్లు పచ్చబడితే ఎవరు చూడాలి? చీకటి గదిలో, ఒంటినిండా గుడ్డ చుట్టిన పసిగుడ్డు రంగు మారిందని అమ్మమ్మ కనిపెట్టాలా? ముదిరిన కామెర్లు మెదడును, వినికిడిని దెబ్బతీస్తాయని ఆ అమ్మమ్మకు ఎవరు చెప్పారు? డిశ్చార్జి కాగితంలో ఈ ముక్క తెలుగులో రాసి ఉండటం నేను చూడలేదు. ఆ కాగితం మీద ఉండేది మందుల పేర్లు, ఒక సంతకం, ఒక ముద్ర.

పాల విషయం ఇంకా దారుణం. బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించాలని ప్రతి ఆస్పత్రి గోడ మీదా రాయించారు. అదే జాతీయ సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గంటలోపు తల్లిపాలు అందుతున్న పిల్లలు పదిమందిలో నలుగురు కూడా లేరు. ఎందుకు లేరో ఆ సర్వేలోనే ఉంది. మన దగ్గర నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 80 దాటాయి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44. కడుపు కోసిన తల్లి ఒత్తిగిల్లలేదు. వెన్నులో ఇచ్చిన మత్తు దిగేదాకా కాళ్లు కదపలేదు. ఆ స్థితిలో ఆమె బిడ్డను రొమ్ముకు పట్టుకోవాలంటే పక్కన తెలిసిన మనిషి ఒకరు నిలబడి పట్టించాలి. ఎలా పడుకోవాలో, బిడ్డ నోరు ఎలా తెరిపించాలో, ఒకసారి కాదు, పదిసార్లు చూపించాలి. ఆ మనిషిని మీరు పెట్టలేదు. రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడుపు ఆపకపోతే "పాలు పడలేదు" అని పక్క మంచమావిడ తేల్చేస్తుంది. తండ్రి గేటు బయట మందుల షాపుకు పోయి డబ్బా తెస్తాడు. పాలడబ్బాల ప్రచారాన్ని ఆస్పత్రుల గడప తొక్కనివ్వకూడదని 1992లోనే చట్టం చేశారు. ప్రచారం అక్కర్లేదు, వార్డులో నర్సు లేకపోవడమే ఆ కంపెనీలకు చాలు.

2016లో "మా" పేరుతో తల్లిపాల కార్యక్రమం వచ్చింది. పోస్టర్లు వచ్చాయి. పోస్టర్ బిడ్డను రొమ్ముకు పట్టించదు కదా!

సిజేరియన్ అయిన తల్లి రెండో రోజు బాత్రూముకు పోవడం మీలో ఎవరైనా దగ్గరుండి చూశారా? మంచం ఎత్తు ఆమె నడుము దాకా ఉంటుంది. ఎక్కడానికి మెట్టు ఉండదు. ఒక చేత్తో కుట్లు అదిమిపట్టుకుని, ఇంకో చేత్తో తన అమ్మ భుజం పట్టుకుని వార్డు ఆ చివరిదాకా నడవాలి. అక్కడ నేల మీద కూర్చునే దొడ్డి. పట్టుకోవడానికి గోడకు కడ్డీ లేదు. తలుపుకు గొళ్లెం లేదు, బయట ఒకరు కాపలా ఉండాలి. బకెట్‌లో నీళ్లుంటే ఉన్నట్టు. వేడినీళ్లు కావాలంటే క్యాంటీన్‌లో కొనుక్కోవాలి. కుట్లు పడిన మనిషి గొంతుక్కూర్చుని లేవడం ఎంత నరకమో ఊహించుకోండి. ఆ భయానికి మూత్రం ఆపుకునే తల్లులున్నారు, నీళ్లు తాగడం మానేసే తల్లులున్నారు. నీళ్లు తాగని తల్లికి పాలెక్కడివి? కుర్చీలాంటి కమోడ్లు నాలుగు, గోడకు రెండు కడ్డీలు, ఒక గీజరు. ఇంతకూ ఇది ఏ మంత్రిత్వ శాఖ పని?

నెల తక్కువ పిల్లల గురించి రాయాలంటే నాకు చెయ్యి ఆడటం లేదు. బరువు తక్కువగానో, ఊపిరి అందకనో పుట్టిన బిడ్డను పసికందుల ప్రత్యేక చికిత్స విభాగానికి, అంటే ఎస్‌ఎన్‌సీయూకి పంపుతారు. మంచిదే, వేలమంది అక్కడ బతికి బయటపడుతున్నారు. కానీ తల్లి? ఆమె మంచం ఇంకో అంతస్తులో. బిడ్డకు పాలు పిండి ఇవ్వడానికి కుట్లతో మెట్లెక్కి వచ్చి, వరండాలో బండల మీద చాప పరుచుకుని, "ఫలానా బేబీ మదర్" అన్న పిలుపు కోసం చూస్తూ కూర్చుంటుంది. ఆమెను డిశ్చార్జి చేసేస్తే ఆ మంచమూ ఉండదు, బిడ్డ బయటికి వచ్చేదాకా ఆ వరండానే దిక్కు. జిల్లాలో పుట్టిన బిడ్డను హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రికి పంపితే ఇంకా అన్యాయం. బిడ్డ తండ్రి చేతుల్లో అంబులెన్స్ ఎక్కుతుంది, తల్లి జిల్లా ఆస్పత్రి మంచం మీదే ఉండిపోతుంది. 1949లో తన దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోతే నిజాం కోడలు నీలోఫర్ రాకుమారి తట్టుకోలేక ఆస్పత్రి కావాలని పట్టుబట్టింది. అలా 1953లో వచ్చిందే ఆ ఆస్పత్రి. ఒక తల్లి పోయినందుకు కట్టిన ఆస్పత్రికి ఇవాళ తల్లుల్లేకుండా పిల్లలు చేరుతున్నారు.

దీనికి మార్గం లేదా? ఉంది, మన దేశంలోనే ఉంది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు ఘనా, నైజీరియా, మలావీ, టాంజానియా ఆస్పత్రుల్లో తక్కువ బరువు పిల్లలను పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా ఉంచి చూశారు. అందుకోసం ఎస్‌ఎన్‌సీయూలోనే తల్లులకు మంచాలు వేశారు. అంతకుముందు పద్ధతిలో బిడ్డ కుదుటపడ్డాకే తల్లికి ఇచ్చేవారు. దానితో పోలిస్తే నెలలోపు మరణాలు పావువంతు తగ్గాయని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలనే మార్చుకుంది. తల్లి ఒడి మందుగా పనిచేస్తుందని రుజువైన తర్వాత కూడా తల్లిని అద్దాల తలుపు అవతల కూర్చోబెట్టడం ఏ వైద్యం? కొత్తగా కట్టే ప్రతి మాతాశిశు ఆస్పత్రి ప్లానులోనూ ఎస్‌ఎన్‌సీయూ లోపల తల్లి మంచం గీయించండి. కట్టేసినవాటిలో గోడ పగలగొట్టి అయినా వేయించండి.

డబ్బులు అడగడం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మగపిల్లాడైతే ఒక రేటు, ఆడపిల్లయితే ఇంకో రేటు, వీల్‌చెయిర్ తోస్తే వంద, గుడ్డ మారిస్తే యాభై. ఆ ఆయా ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తోందని, ఆమెకు జీతం నెలల తరబడి రాదని నాకు తెలుసు. ఆమె జీతం ఆపిన ఏజెన్సీకి బిల్లులు ఇచ్చేది మీరే. ఆమె ఇల్లు గడవడానికి పురిటి మంచం మీద ఉన్న కూలీ మనిషి కొంగుముడి విప్పాలా?

2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకంలో డబ్బు నాలుగు విడతలుగా ఉండేది. గర్భిణిగా పరీక్షలు చేయించుకున్నందుకు 3 వేలు, సర్కారు ఆస్పత్రిలో కన్నందుకు 4 వేలు, ఆడపిల్లయితే 5 వేలు. తర్వాతి 2 వేలు బిడ్డకు మూడున్నర నెలల టీకాలు పడ్డాకే, చివరి 3 వేలు తొమ్మిది నెలల తర్వాతే. పేర్లు ఏవైనా, ప్రభుత్వాలు ఏవైనా, ఆ విడతలు చూడండి. కాన్పు రోజుకూ మూడున్నర నెలలకూ మధ్య ఏమీ లేదు. బాలింత పచ్చిగా ఉండే రోజులు, బిడ్డ ప్రాణం పలచగా ఉండే రోజులు సరిగ్గా అవే. ఆ మధ్యలో ఏదో జరగాలని పథకం రాసినవాళ్లకు తోచలేదా? ఇల్లు చేరిన తల్లిని రెండో వారంలోపు ఒకసారి డాక్టరో మిడ్‌వైఫో చూడాలని, ఆరో వారంలో ఇంకోసారి చూడాలని ఎందుకు పెట్టలేదు?

ఆశా ఉంది కదా అంటారు. నిజమే. 2011 నుంచి ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను తూచి, తల్లిని అడిగి చూడాలి. ఇదంతా చేస్తే ఆమెకు ఇచ్చేది 250 రూపాయలు. అదలా ఉంచండి. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. గర్భిణిగా పేరు నమోదైంది అత్తగారి ఊళ్లో. కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్లింది అమ్మగారి ఊరికి. మూడో రోజు ఏ ఊరి ఆశా ఏ తలుపు తట్టాలి? అత్తగారి ఊరి ఆశా రిజిస్టర్‌లో పేరుంది, మనిషి లేదు. అమ్మగారి ఊళ్లో మనిషి ఉంది, రిజిస్టర్‌లో పేరు లేదు. మా పిల్ల ఇంటికి చేరాక ఆ ఊరి ఆశాకు కబురు మేమే పంపుకున్నాం. ఆమె మంచి మనిషి, వచ్చింది. ఆస్పత్రి నుంచి మాత్రం ఆమెకు ఏ కబురూ లేదు. నెత్తురు పోయి, రక్తం ఎక్కించుకుని ఇల్లు చేరిన బాలింత ఒకరు ఫలానా వీధిలో ఉందని ఆ ఊరి ఏఎన్‌ఎంకు ఒక ఫోను చేయడం డిశ్చార్జి పద్ధతిలో ఎందుకు భాగం కాలేదు? తెలుగువాళ్ల ఇళ్లలో ఆడపిల్ల పుట్టింటికి పోయి కంటుందని మీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఎవరూ చెప్పలేదా?

ప్రైవేటు ఆస్పత్రుల గురించి కూడా ఒక్క మాట. అక్కడ మంచాలుంటాయి, మనిషికో మంచం ఉంటుంది. కానీ కళకళలాడుతున్న బిడ్డను "అబ్జర్వేషన్" పేరుతో తల్లి దగ్గర్నుంచి తీసుకుపోయి రోజుకు వేలల్లో బిల్లు వేసే చోట్లు ఎన్నో మీ జిల్లా వైద్యాధికారులకు తెలుసు. వాటికి రిజిస్ట్రేషన్ ఇచ్చేది వాళ్లే. ఇచ్చిన తర్వాత అడిగే బాధ్యత కూడా వాళ్లదే కదా?

కేంద్రం 2017 డిసెంబర్‌లో "లక్ష్య" తెచ్చింది. లేబర్ రూం, కాన్పుల ఆపరేషన్ థియేటర్ ఎలా ఉండాలో కొలతలు పెట్టి, మార్కులు వేసి, సర్టిఫికెట్ ఇస్తుంది. మన ఆస్పత్రులు ఆ సర్టిఫికెట్లు తెచ్చుకున్నాయి. వాటి కోసం మీరు ఎంత కష్టపడ్డారో లేబర్ రూంలో అడుగుపెడితే తెలుస్తుంది. గోడలు మారాయి, పద్ధతులు మారాయి, మాట తీరు కూడా మారింది. అదే పట్టుదలను పక్కనున్న బాలింతల వార్డు మీద చూపించడానికి మీకు ఏం అడ్డొస్తోంది? అదే ఏడాది కరీంనగర్‌లో మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టిన రాష్ట్రం మనది. ఆ శిక్షణ పొందినవాళ్లలో కొందరినైనా కాన్పు తర్వాతి వార్డులో, ముఖ్యంగా రాత్రి పూట ఎందుకు ఉంచరు?

నేను అడిగేవి కొత్త పథకాలు కావు. బిడ్డను ఒక పేషెంటుగా లెక్కించి ఆ లెక్క మీద నర్సులను ఇవ్వండి. 48 గంటల లోపు డిశ్చార్జి రాయాలంటే డాక్టరు తల్లినీ బిడ్డనూ చూసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. "బెడ్లు లేవు" అన్నది కారణంగా చెల్లదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. మంచాలు చాలకపోతే ఎన్ని చాలవో ఒప్పుకుని, ఏ నెలకల్లా వేస్తారో ప్రకటించండి. మీ నెలవారీ సమీక్షలో మూడు అంకెలు కలపండి. రెండు రోజులు పూర్తిగా ఉండి వెళ్లిన తల్లులు ఎందరు, ఇంటికి పోయి మళ్లీ వచ్చి చేరిన తల్లులు, పిల్లలు ఎందరు, మూడో రోజున ఆశా చూసిన బిడ్డలు ఎందరు. ఈ మూడూ జిల్లాలవారీగా అందరికీ కనిపించేలా పెట్టండి. ఇవేవీ మీ అధికారం దాటినవి కావు, అసెంబ్లీలో చట్టం చేయవలసినవీ కావు.

నాకు జవాబు రాయమని అడగను. మీ జవాబును ప్రతి బాలింతల వార్డు తలుపు మీద అందరూ చదివేలా పెట్టండి. ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క చాలు. ఇవాళ ఈ వార్డులో తల్లులు ఇంతమంది, పిల్లలు ఇంతమంది, మంచాలు ఇన్ని, డ్యూటీలో ఉన్న సిస్టర్లు ఇంతమంది, పేర్లు ఇవి అని రోజూ రాత్రి షిఫ్టు మొదలయ్యే వేళకు రాయించండి. ఆ బల్ల ఏ తేదీ నుంచి ఉంటుందో చెప్పండి.

ఇట్లు,
మీ వార్డులో ఒక బాలింతకు తోడున్న పెద్దమ్మ